మా అత్త తలలో నీరటికాడు

మా అత్త రోజుకు బిందెన్నర నీళ్ళు తాగేది. నమ్మనివాళ్ళతో నేను వాదించను. తాగింది ఆవిడ, మోసింది నేను. ఆ లెక్క ఇప్పటికీ నా నడుముకు గుర్తుంది.

పెళ్ళయి గురజాల పక్క పల్లెకు కాపురానికి వెళ్ళేనాటికి రెండో ప్రపంచ యుద్ధం నడుస్తోంది. మాది క్రైస్తవుల పేట. మా ఆయన మిషను బడిలో పంతులు. మామగారు అప్పటికే లేరు. ఇంట్లో ఉండేది మేం ముగ్గురమే అయినా పని మాత్రం పదిమందికి సరిపడా ఉండేది, అందులో తొమ్మిదిమంది పని నీళ్ళు మోయడమే. ఊరి బావి దగ్గరికి మమ్మల్ని రానిచ్చేవాళ్ళు కాదు. మా పేట బావి లోతు ఎక్కువ, నీళ్ళు తక్కువ. ఎండాకాలం వస్తే చేద అడుగున రాతికి తగిలి టంగుమనేది. నేను ఒక బిందె చంకనెత్తుకుని వచ్చేసరికి అంతకుముందు తెచ్చిన బిందె సగానికి దిగి ఉండేది. వాకిట్లో నాపరాళ్ళ అరుగు మీద మా అత్త చెంబు పక్కన పెట్టుకుని కూర్చునేది. తాగడం, దొడ్లోకి వెళ్ళడం, రావడం, మళ్ళీ తాగడం. మధ్యలో ఖాళీ దొరికితే నన్ను తిట్టడం.

నేను వెళ్ళడానికి ఏడాది ముందు ఆవిడకు పెద్ద జ్వరం వచ్చి తగ్గిందట. జ్వరం పోతూ పోతూ ఈ దప్పికను వదిలిపోయింది. పేటంతా తీపి మూత్రం అని తేల్చేసింది. పక్కింటి పెద్దమ్మకు ఇలాంటివాటిలో మంచి అనుభవం. తీపి ఉంటే చీమలు పట్టి తీరాలని చెప్పి, మూడు రోజులు మా దొడ్లో గొంతుక్కూర్చుని కాపలా కాసింది. ఒక్క చీమ రాలేదు.

"చూశావటే, ఆఖరికి చీమలక్కూడా లోకువైపోయినాను," అని మా అత్త నా వైపు చూసి అంది, చీమల్ని నేనే రావద్దన్నట్టు.

ఇదంతా నవ్వులాటగానే సాగేది, మా ఆడబిడ్డ కడుపుతో లేకపోతే. ఆ అమ్మాయిని సత్తెనపల్లి ఇచ్చారు. తొలికాన్పు పుట్టింట్లో జరగాలి గదా! "తల్లే చెంబు వదలలేకుండా ఉంది, ఇంక పిల్లను ఏం చూస్తుంది?" అని వియ్యాలవారు పంపలేదు. ఆ మాట వచ్చిన రోజు మా అత్త నన్ను తిట్టలేదు. నాకు అప్పుడే భయం వేసింది. పోనీ తనే వెళదామా అంటే రైలు. మేమెక్కే పెట్టెల్లో చాలావాటికి మరుగుదొడ్డి ఉండేది కాదు. ఉన్నవాటిలో మిరపకాయ బస్తాలు కుక్కేవాళ్ళు. పావుగంటకోసారి లేచే మనిషి గురజాల నుంచి సత్తెనపల్లి దాకా ఎలా వెళ్తుంది? "కాన్పు నాటికి దాని పక్కన ఉండాలే, అంతే నాకు" అనేది. రెండేళ్ళుగా ఆవిడ కూతురి ముఖం చూడలేదు.

చివరికి బండి కట్టించుకుని, దారిలో పన్నెండుసార్లు ఆపించుకుని, మిషను ఆసుపత్రికి వెళ్ళాం. అక్కడి డాక్టరమ్మ దొరసాని. తెలుగు పుస్తకాల్లో నేర్చుకుంది. రకరకాల పరీక్షలు చేసి, చక్కెర లేదని చెప్పి, ఒక పూట నీళ్ళు ఇవ్వకుండా గదిలో కూర్చోబెట్టింది. తిరిగొచ్చి చూస్తే బల్ల మీద పూలగ్లాసు ఎండిపోయి ఉంది. పూలు మాత్రం మా అత్త పొందికగా మళ్ళీ సర్దిపెట్టింది. నీళ్ళేవని డాక్టరమ్మ అడిగితే, "పూలు తాగాయేమోనమ్మా" అంది.

అప్పుడు డాక్టరమ్మ కుర్చీ దగ్గరికి లాక్కుని, "అమ్మా, నీ మెదడు క్రింద శనగగింజంత గ్రంథి యొకటి యున్నది. అది మూత్రపిండములకు వర్తమానము పంపుచుండును. నీ గ్రంథి పంపుట మానినది" అంది.

మా అత్త నా వైపు వంగి, "ఏంది ఈమె చెప్పేది? ప్రార్థన చేస్తన్నట్టుంది" అంది.

నేను ఎనిమిదో తరగతి దాకా చదివాను. ఆ గర్వం నాకు అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. "అత్తా, చెరువు తూముకాడ నీరటికాడు ఉంటాడు గదా! పొలానికి కావాల్సినంత వదిలి తూము మూసేస్తాడు. నీ మూత్రపిండాలు తూములనుకో. నీరటికాడేమో తలకాయలో ఉన్నాడు. 'ఇంక చాలు, మూయండి' అని వాడు కబురు పంపాలి. నీవోడు పంపట్లేదు. తూములు బార్లా తెరుచుకుని ఉన్నాయి. ఎన్ని నీళ్ళు పోసినా చెరువు ఎండిపోతంది గాబట్టి వొళ్ళు నీళ్ళు నీళ్ళని అరుస్తంది."

"జొరంలో చచ్చాడా వాడు?"

"చచ్చాడో, నిద్రపోయాడో."

డాక్టరమ్మ నా తెలుగు విని తల ఊపింది. ఆ కబురును ఇప్పుడు హార్మోను అంటున్నారు. నా మనవరాలి పుస్తకంలో బొమ్మతో సహా చూశాను. బొమ్మలో గ్రంథి ఉంది, మూత్రపిండాలు ఉన్నాయి, బాణం గుర్తులు ఉన్నాయి. నీరటికాడి ఊసే లేదు. నాకు కొంచెం కోపం వచ్చింది.

మందు చిన్న గాజుసీసాలో ఇచ్చింది. బూడిద కలిసిన గోధుమపిండి రంగులో పొడి. పశువుల తలలో ఉండే అదే గ్రంథిని ఎండబెట్టి పొడి చేస్తారట. మింగితే కడుపులో అరిగిపోతుంది, కాబట్టి ముక్కుతో పీల్చాలి. రోజుకు నాలుగు చిటికెలు. పీల్చాక మాత్రం దప్పిక లేకుండా ఊరికే నీళ్ళు తాగకూడదు, తాగితే నీరు ఒంట్లో నిలిచిపోయి తల దిమ్మెక్కుతుంది అని గట్టిగా చెప్పింది. సీసా నెల పైన వస్తుందని, తర్వాతిది మద్రాసు నుంచి రావాలని, యుద్ధం వల్ల ఎప్పుడొస్తుందో చెప్పలేనని కూడా చెప్పింది.

మా అత్త నోరు తెరిచింది. ముక్కుపొడి పీల్చడం పాపమని, రోగమని ఏటేటా మా పేటకొచ్చి బోధించి వెళ్ళేది ఈ డాక్టరమ్మే. "ఈమె మాట విని పదేళ్ళ కిందట మానేశాను గదే," అంది బండెక్కుతూ. "ఇప్పుడు ఈమే పీల్చమంటంది. ఎద్దు కూడా నాకు నీరటికాడు అయింది. ఏం రోజులో!"

మొదటి చిటికె పీల్చిన పూటే తేడా తెలిసింది. ఆ మధ్యాహ్నం మా అత్త అరుగు మీద కూర్చుని చెంబు వంక చూసింది. చెంబు అలాగే ఉంది. కాసేపాగి నాలుక బయటపెట్టి వేలితో ముట్టుకుని, "తడిగా ఉందే!" అని కేక పెట్టింది. పేటంతా వచ్చి ఆ నాలుక చూసి వెళ్ళింది. నేను సాయంత్రం బావికి వెళ్ళనక్కర్లేకపోయింది. ఏం చెయ్యాలో తోచక అలవాటు కొద్దీ వెళ్ళి బావి చూసి వచ్చాను. మా ఆయన చేత సత్తెనపల్లికి ఉత్తరం రాయించాం, నెలాఖరు లోపల వస్తున్నాం అని.

ఇక్కడ మా పేట గుడి అయ్యగారి గురించి చెప్పాలి. గుడి అంటే మా చర్చే. పెద్దాయన, మంచివాడు. ఒకప్పుడు ముక్కుపొడికి బానిస. డాక్టరమ్మ బోధ విని, అందరూ చూస్తుండగా తన డబ్బీని పొయ్యిలో పడేశాడు. అప్పటి నుంచి ఏడాదికి నాలుగు ప్రసంగాలు ముక్కుపొడి మీదే. వయసు మీద పడటంతో ఆయనకూ మూత్రం ఆగేది కాదు. అందుకని ప్రసంగం మధ్యలో పొడుగాటి పాట ఒకటి చెప్పి, మేం పాడుతుండగా గుడి వెనక్కి వెళ్ళొచ్చేవాడు. వచ్చాక రెండు మాటల్లో ముగించేవాడు. ఆ పాట పేరు చెబితే చాలు, పసిపిల్లలకు కూడా ఆకలి గుర్తొచ్చేది. మా పేటకు ఆయన మీద ఉన్న ప్రేమలో ఆ పాట వంతు కొంత ఉందని నా అనుమానం.

మా అత్త జబ్బు పడ్డ దగ్గర్నుంచి ఆయన రోజూ సాయంత్రం దీపం పెట్టే వేళకు మా ఇంటికొచ్చి ప్రార్థన చేసేవాడు. మందు వచ్చాక మొదటి రోజు సీసా చూసి, "అదేందమ్మా?" అన్నాడు.

"ముక్కుపొడే అయ్యగారూ. దొరసానమ్మ ఇచ్చింది," అంది మా అత్త, డాక్టరమ్మ మీద చాడీ చెప్పే సరదాతో. నీరటికాడి సంగతి చెప్పేలోపు ఆయన కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టేశాడు. సీసా గోడగూట్లో, బైబిలు పక్కన ఉండేది. ఆయన నిలబడేది ఆ గూటి పక్కనే.

ఆ రోజు నుంచి ఆయన ప్రార్థనలో కొత్తగా ఒక ఆగుడు వచ్చింది. "ఈ సహోదరి దప్పికను..." అని ఆగేవాడు. మేం కళ్ళు గట్టిగా మూసుకుని తలలు వంచుకుని ఉండేవాళ్ళం. కాసేపటికి ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినిపించేది. తర్వాత గొంతు బొంగురుపోయి, "...తీర్చుము తండ్రీ" అనేవాడు.

"నా కోసం ఏడుస్తన్నాడే ఆయన," అనేది మా అత్త, తనూ కళ్ళు తుడుచుకుంటూ.

పది రోజులకు సీసా సగానికి దిగింది. మా అత్త ముందు కళ్ళు చికిలించి చూసింది. తర్వాత పొడి ఉన్న మట్టానికి సీసా చుట్టూ నల్లదారం కట్టింది. రెండు రోజులకు పొడి దారం కంటే వేలెడు కిందికి పోయింది. పగలంతా ఇంట్లో ఉండేది నేనే. పైగా కారంపూడిలో మా అమ్మకు ముక్కుపొడి అలవాటు, ఆ సంగతి పెళ్ళిచూపుల నాడే బయటపడింది.

"తల్లిని చూసి పిల్లను చూడమన్నారు," అంది మా అత్త.

నేను గూటి దగ్గరికి పరిగెత్తాను. "నేను ముట్టలా. బైబిలు మీద చెయ్యేసి చెబుతా."

"బైబిలు పక్కనే గదే సీసా ఉంది. పొద్దున్నుంచి చూస్తన్నా, నువ్వు దొడ్లోకి ఒక్కసారే పోయావు. నీ తూములు మూసుకోబట్టే గదా!"

తూముల సంగతి నేర్పింది నేనే. నా చదువు నాకే ఎదురు తిరిగింది. ఇంటెడు చాకిరీలో నాకు దొడ్లోకి పోవడానికి తీరికేది? ఆ మాట అంటే వినిపించుకోలేదు. మా ఆయన వైపు చూశాను. ఆయన పిల్లల పలకలు దిద్దుతున్నాడు, ఆ పూట పలకలేవీ లేకపోయినా. ఆ రాత్రి ఏడ్చాను. తెల్లారాక ఏడుపు పోయి మొండితనం వచ్చింది. నిద్రలేచిన దగ్గర్నుంచి చెంబుల కొద్దీ నీళ్ళు తాగడం మొదలుపెట్టాను. తాగినప్పుడల్లా మా అత్త ఎదురుగా నిలబడి, "అత్తా, దొడ్లోకి పోతన్నా" అని పెద్దగా చెప్పి వెళ్ళేదాన్ని. ఏడోసారి చెప్పేటప్పటికి వీధిలో వెళ్ళేవాళ్ళు నిలబడి వినడం మొదలుపెట్టారు. మా అత్త ముఖం పక్కకు తిప్పుకుంది గానీ ఒప్పుకోలేదు.

రైలుకు ఇంకా తొమ్మిది రోజులుంది. ఉన్న పొడిని ఆ రోజుకు దాచాలని మా అత్త రోజుకు రెండు చిటికెలకు దిగింది. మధ్యాహ్నానికల్లా దప్పిక తిరిగొచ్చేది. నేను మళ్ళీ బావి దారి పట్టాను. ఇద్దరం మాట్లాడుకోకుండా, ఆవిడ తాగుతూ, నేను మోస్తూ నాలుగు రోజులు గడిపాం.

ఆదివారం గుడికి వెళ్ళేముందు చిటికె కూడా వేసుకోలేదు ఆవిడ. రైలుకు కావాలి గదా! ఎలాగూ మధ్యలో పాట ఉంటుంది, అందరూ లేచి నిలబడతారు, ఆ సందులో బయటికెళ్ళి రావచ్చని ధైర్యం.

అయ్యగారు ఆ రోజు భలే హుషారుగా ఉన్నాడు. ముఖం కాస్త ఉబ్బింది, ఎవరింట్లోనో బాగా తిని ఉంటాడనుకున్నాం. ప్రసంగం మొదలుపెడుతూనే, "ప్రియులారా, ముందు నా సాక్ష్యం వినండి. వయసుతో వచ్చిన బలహీనత ఒకటి నన్ను ఏళ్ళుగా బాధిస్తోంది. రెండు వారాలుగా దేవుడు దాన్ని నా నుంచి తీసేశాడు" అన్నాడు. అందరం స్తోత్రం అన్నాం. తర్వాత ప్రసంగం సాగింది. సాగుతూనే ఉంది. పాట రావాల్సిన చోటు వచ్చింది, పోయింది. చంటిపిల్లల తల్లులు ఒకళ్ళ వంక ఒకళ్ళు చూసుకున్నారు. ముసలాళ్ళు చాప మీద అటూ ఇటూ కదిలారు. ఎండ గడప దాటి లోపలికొచ్చింది. గుక్కెడు మంచినీళ్ళ కోసమైనా ఆయన ఆగలేదు.

నా పక్కన మా అత్త చీర కొంగు పిడికిట్లో బిగించి కూర్చుంది. పెదాలు ఎండిపోయాయి. ఉన్నట్టుండి నా మోచేయి పట్టుకుంది. "ఏమే, ఈయన లేవడేంది?"

నేను ఆవిడ ముఖం చూశాను. ఆవిడ నా ముఖం చూసింది. రెండు వారాలు. సాయంత్రం ప్రార్థన. మధ్యలో ఆగుడు. ముక్కు ఎగబీల్చిన చప్పుడు. నాలుగు రోజుల తర్వాత మేమిద్దరం మాట్లాడుకోకుండానే ఒకే మాట అనుకున్నాం.

మా అత్త లేచి నిలబడింది. "అయ్యగారూ, ఇయ్యాళ పాట లేదా?"

ఆయన చిరునవ్వు నవ్వాడు. "అవసరం లేదమ్మా. చెప్పాను గదా, దేవుడు..."

"మీకు అవసరం లేదు. నాకుంది. నా నీరటికాణ్ణి మీరు పట్టుకుపోయారు."

గుడిలో మిగతావాళ్ళకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అర్థం చేసుకునే తీరికా లేదు. మా అత్త తలుపు వైపు పరుగు తీయగానే, సగం గుడి ఆవిడ వెనకే లేచి పరిగెత్తింది. అయ్యగారి చెయ్యి తనకు తెలియకుండానే జేబు మీదికి వెళ్ళింది. నేను మాత్రం కదలకుండా కూర్చుని చూశాను. అంత బాగా ముగిసిన ప్రసంగం నేను మళ్ళీ వినలేదు.

మధ్యాహ్నం ఆయన మా ఇంటికొచ్చాడు. జేబులోంచి డబ్బీ తీసి మా అత్త ముందు పెట్టాడు. "దొరల ముక్కుపొడి అనుకున్నానమ్మా. ఒక్క చిటికె చూద్దామనుకున్నా. ఆ సాయంత్రం నుంచి నా బాధ తగ్గిపోయింది. దేవుడు నా ప్రార్థన విన్నాడనుకున్నా," అన్నాడు. తల రెండు రోజులుగా దిమ్ముగా ఉందని కూడా ఒప్పుకున్నాడు. మజ్జిగ మాత్రం ఎప్పట్లాగే కుండెడు తాగుతున్నాడట.

"విన్నాడు లెండి," అంది మా అత్త. "నా సీసాలోంచి ఇచ్చాడు."

డబ్బీ తెరిచాం. పండగ రోజులకు ఉంటుందని ఆయన దాచుకున్న మందు చాలానే ఉంది. కానీ అడుగున ఆయన పాత పొగాకుపొడి కూడా ఉంది. అంటే పొయ్యిలో పడేసింది ఒక డబ్బీనే అన్నమాట. రెండూ కలిసి ఎర్రగా, బూడిదగా ఉన్నాయి. వేరు చేయడం ఎవరి వల్లా కాలేదు. సీసాలో మిగిలింది రైలు నాటికి చాలదు, మద్రాసు నుంచి కబురు లేదు. మా అత్త డబ్బీ మూత పెట్టి కొంగున కట్టుకుంది.

గురజాల స్టేషన్లో బండి వచ్చే ముందు ఆవిడ డబ్బీ తీసి గట్టిగా ఒక చిటికె పీల్చింది. పదేళ్ళ తర్వాత ముక్కుకు పొగాకు తగిలితే ఏమవుతుంది? తొమ్మిదిసార్లు తుమ్మింది. సరిగ్గా బండి ఆగిన నిమిషానికి. పెట్టెలోకి ఎక్కబోతున్న జనమంతా తుమ్ము విని, అపశకునమని కాలు వెనక్కి తీసుకుని నిలబడిపోయారు. ఒకాయన చెప్పులు విడిచి కింద కూర్చుని మంచినీళ్ళు తాగాడు. మాకు శకునాలు లేవు. ఎక్కి కిటికీ పక్కన చోటు చూసుకుని కూర్చున్నాం. తుమ్మితే మందు సగం బయటికే పోతుంది గదాని ఆవిడ దారిపొడుగునా కొంచెం కొంచెం పీలుస్తూనే ఉంది, తుమ్ముతూనే ఉంది. ఎదుటి బల్ల మీది ముసలమ్మ "చిరంజీవ, చిరంజీవ" అని అని అలిసిపోయింది. నేను నవ్వాపుకోలేక కిటికీ ఊచలకు ముఖం ఆనించాను. ఏమైతేనేం, మా అత్త దొడ్డికని ఒక్కసారి కూడా లేవలేదు.

నడికుడిలో బండి చాలాసేపు ఆగింది, ఇంజనుకు నీళ్ళు పట్టాలట. నేను అలవాటు కొద్దీ చెంబు తీసుకుని లేవబోయాను. మా అత్త నా చేతిలోంచి చెంబు లాక్కుంది. బండి దిగింది. ప్లాట్‌ఫారం మీద జనాన్ని మోచేతులతో తోసుకుంటూ కుళాయి దగ్గరికి వెళ్ళింది. ఆవిడ అంత దూరం చెంబు పట్టుకుని నడవడం నేనెప్పుడూ చూడలేదు. బండి కదులుతుందేమోనని నా ప్రాణం పోతోంది. తిరిగొచ్చి, కిటికీ ఊచల్లోంచి చెంబు దూరక, మళ్ళీ పెట్టెక్కి నా ఎదురుగా నిలబడి చెంబు చేతికిచ్చింది.

"తాగు. మోస్తా ఉంటే చూశా గాని, నువ్వు తాగంగా చూళ్ళా నేను."

"తాగలేదంటావేంది అత్తా? మొన్న ఏడు చెంబులు తాగా గదా, నీ ఎదురుగానే."

"అది నా మీద కోపంతో తాగావు. ఇది తాగు."

"మరి నువ్వో?" అన్నాను.

ఆవిడ కూర్చుని, కొంగుతో ముక్కు తుడుచుకుని, సత్తెనపల్లి వైపు చూసింది.

"నాకు దప్పిక లేదే," అంది.

నేను చెంబెత్తి చుక్క మిగల్చకుండా తాగాను.